పాలపండ్ల ఇనుప కోడె

కిందటి వారం ఖాసిం సాహెబ్‌ను నరసన్న వాకిట్లో నిలబెట్టి వచ్చేశాం. కోయిలకుంట్లలో జుమ్మా నమాజు చేసుకుని, ఎండలో సైకిలు తొక్కుకుంటూ వంకదిన్నెకు తిరిగొచ్చిన మనిషి అతను. ఊళ్లో అడుగు పెట్టగానే చెవిన పడిన మాట అతన్ని సొంత ఇంటికి కూడా పోనివ్వలేదు.

ఆ మాట ఏమిటో మరిచిపోయిన వాళ్ల కోసం మళ్లీ చెబుతాను. ఎడ్ల ఓబులేసు రచ్చకట్ట మీద అందరి ముందూ నవ్వాడు. "ఏమప్పా నరసన్నా, అంత బుల్‌డోజరు తెచ్చి గంపెడు గంపెడు మన్ను తోపిస్తాండావు. అది యంత్రమా, కొత్త పెండ్లికూతురా?" అన్నాడు. నరసన్నకు ముక్కు మీద కోపం. ఏరువాక పున్నమి నాటి బండలాగుడులో తన యంత్రాన్ని ఓబులేసు ఎద్దులతో పోటీకి దింపుతానన్నాడు. ఓడితే చెరువు గండి పూడ్చే పని ఓబులేసు బండ్లకే వదిలేసి పోతానని కూడా అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు, మాట జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా పెద్దలు.

గండి సంగతి కూడా చెప్పాలి. కిందటేడు వానలకు వంకదిన్నె చెరువు కట్ట తెగింది. ఈసారి వానలు పడేలోపు ఆ గండి మూయకపోతే, ఎర్రవంక నీళ్లన్నీ కట్ట కింది మళ్లలో పడి, అక్కడి గుడిసెల మీదుగా పోతాయి. ఎద్దుల బండ్లతో పూడిస్తే దసరా దాకా పడుతుంది. అందుకే నరసన్న కాంట్రాక్టు తీసుకుని, మంచి చేను అమ్మి మరీ ఆ పచ్చరంగు యంత్రాన్ని రైల్లో తెప్పించాడు. దాన్ని నడపడానికి యుద్ధకాలంలో మిలిటరీతో పోయి, బర్మా అడవుల్లో ఇలాంటి యంత్రాలతో దారులు వేసి వచ్చిన ఖాసిం సాహెబ్‌ను బతిమాలి పిలుచుకొచ్చాడు.

ఇక ఈ వారం కథలోకి పోదాం.

వాకిట్లో గిడ్డమ్మ ఎద్దుల కొమ్ములకు ఆముదం రాస్తోంది. నరసన్న తల్లి ఆమె. తెల్లవారితే పున్నమి, ఎద్దులకు పండగ. నరసన్న అరుగు మీద కూర్చుని, ఖాసిం సాహెబ్ సైకిలు గోడకు ఆనించడం చూసి లేచి నిలబడ్డాడు.

"నరసన్నా, ఆ మాట వెనక్కి తీసుకో" అన్నాడు ఖాసిం సాహెబ్. ఉపోద్ఘాతం, కుశలప్రశ్న ఏమీ లేవు.

"తీసుకునేదానికి లేదు మామా. నలుగురిలో అన్న్యా."

"నలుగురూ నవ్వినంత మాత్రాన ఇంజను ముదురుతాదా? కొత్త ఇంజనంటే ఏమనుకుంటాండావు నువ్వు? లోపల ఇనుముకు ఇనుము ఇంగా సర్దుకోలేదు. తక్కువ బరువుతో మెల్లగ తిప్పితే రెండూ అరిగి నునుపుకొస్తాయి. ఇప్పుడే పెద్దబండ కట్టి గట్టిగ లాగిస్తే ఒగదాన్నొగటి కొరుక్కుంటాయి. ఆమీదట అది పట్టేస్తే నీ గండి ఎవురు పూడుస్తారు?"

"ఒగ పొద్దుకు ఏమైతాది మామా?"

"ఒగ పొద్దు అంటాండావు. బర్మా దావలో ఒగ పూట తొందరకు కొత్త యంత్రం నా చేతికిందనే పట్టేసింది. ఎంత తన్నినా తిరగలే. దావకు అడ్డమని దాన్ని మేమే లోయలోకి తోసేసినాం. నా కండ్లల్లో ఇంగా ఉండాది అది."

 నరసన్న ఏదో అనబోయి తల్లి వైపు చూసి ఆగిపోయాడు. పందెం భయం పట్టుకుందనుకుంది గిడ్డమ్మ. నేనూ ఆ పూట అక్కడ ఉంటే అంతే అనుకునేవాణ్ని.

ఖాసిం సాహెబ్ చెప్పింది అబద్ధం కాదు. యంత్రం రైలు దిగిన రోజే అతను ఒక పని చేశాడు. ఇంజను వేగం పెంచే మీట సగం దాటి పోకుండా దానికి ఒక ఇనుప తీగ చుట్టాడు. ఆ తీగను ఎప్పుడూ ఎడమకే మెలితిప్పి బిగిస్తాడు. మిలిటరీ అలవాటు. అది తీసే రోజు ఎప్పుడొస్తుందో తానే చెబుతానని, అప్పటిదాకా ఎవరి వేలూ దానికి తగలకూడదని నరసన్నకు చెప్పి ఉంచాడు. పక్కన కూర్చుని మీటలు లాగడం నేర్చుకుంటున్న నరసన్న అప్పుడు బుద్ధిగా తల ఊపాడు కూడా.

"రేపు నేను యంత్రం ఎక్కను. నీకు చేతనైతే నువ్వే ఎక్కి చంపుకో దాన్ని. ఎద్దుపుండు కాకికి నొప్పా" అని ఖాసిం సాహెబ్ సైకిలు అందుకున్నాడు.

అప్పుడు గిడ్డమ్మ నూనె చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. ఆమె మొగుడు బతికినన్నాళ్లూ బండలాగుడు ఎద్దులను సాకిన మనిషి. ఆయన పోయాక కోడెలను కాడికి అలవాటు చేసే పని ఆమే చేసేది. మొదట ఉత్త కాడి, తర్వాత ఉత్త బండి, ఆ తర్వాత ఇసక బండి.

"తమ్ముడా, ఆగు. నువ్వు చెప్పేది నాకు ఒగ తీరుగా అర్థమైతాండాది. అది పెద్దదే గానీ ఇంగా పాలపండ్లు ఊడని కోడె లాంటిదే అంటావు. అంతే కదా?"

ఖాసిం సాహెబ్ ఆమె వైపు తిరిగాడు. "అంతే అక్కా."

"మరి పాలపండ్ల కోడెకు పెద్దబండ కట్టిన మొగోడు ఈ సీమలో ఎవుడైనా ఉండాడా? పండ్లు చూసి బండ తేల్చే బొజ్జన్న కట్టనిస్తాడా? నా కొడుకు పోటీకి దిగుతానన్న్యాడు. ఏ బండకో చెప్పలేదు గదప్పా."

ఖాసిం సాహెబ్ సైకిలును మళ్లీ గోడకు ఆనించాడు. మీసం కింద చిన్నగా నవ్వు మొదలైంది. నరసన్న ముఖంలో మాత్రం నవ్వు రాలేదు. ఆ విషయం ఇద్దరూ గమనించలేదు.

పున్నమి పొద్దు. ఊరవతల బీడు నేల మీద సున్నం గీతలు గీశారు. చుట్టుపక్కల పల్లెల జనమంతా అక్కడే ఉన్నారు. ఎద్దుల కొమ్ములకు రంగులు, మెడల్లో గంటలు, డప్పులు, బొరుగులు, బెల్లం మిఠాయి, దుమ్ము. ఓబులేసు పెద్ద ఎద్దులు వచ్చి నిలబడితే జనం రెండడుగులు వెనక్కి జరిగారు. అంత ఎద్దులవి. ఆ వెనకే గొలుసు చక్రాల మీద కీచుమంటూ, పొగ వదులుతూ నరసన్న బుల్‌డోజరు వచ్చింది. పిల్లలు పరుగులు, ముసలమ్మలు దండాలు.

బరి పక్కన పెద్దబండ పడి ఉంది. దాని కింద మట్టి కొత్తగా పెళ్లగించి ఉంది. "నిన్న ఎవురప్పా దీన్ని కదిలించినది?" అన్నాడు ఓబులేసు.  ఊళ్లో సగం మంది నిన్న సంతకు పోయారు. ఎవరో ఎద్దులను సాధన చేయించుకుని ఉంటారులే అనుకుని అతనూ వదిలేశాడు.

బండలాగుడుకు పెద్ద బొజ్జన్న. ముసలివాడు, మాట తక్కువ. ప్రతి జత దగ్గరికీ పోయి, ఎద్దు నోట్లో బొటనవేలు పెట్టి పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, పళ్లన్నీ వచ్చినవి. దేనికి తగిన బండ దానిది. ఆయన తేల్చిన తర్వాత ఎంతటి ఆసామీ అయినా ఎదురు చెప్పడు.

గిడ్డమ్మ ఆయన ముందుకు పోయి నిలబడింది.

"బొజ్జన్నా, అన్ని జతలకూ పండ్లు చూస్తివి. మా దానికి చూడలేదే?"

జనం గొల్లున నవ్వారు. బొజ్జన్న నవ్వలేదు. కర్ర పొడుచుకుంటూ యంత్రం దగ్గరికి వచ్చి చుట్టూ తిరిగాడు.

"దీని నోరు యాడుండాదప్పా?" అని ఖాసిం సాహెబ్‌ను అడిగాడు.

ఖాసిం సాహెబ్ ఇంజను ఆపాడు. నూనె మట్టం చూసే కడ్డీని పైకి లాగి, దాని కొసను తెల్ల రుమాలుకు అద్ది, రుమాలును ముసలివాడి ముందు పరిచాడు. నల్లని నూనె మరకలో సన్నగా, ఇసకరవ్వ కంటే సన్నగా, మెరుపులు.

"ఇనుపరజను పెద్దాయనా. కొత్త ఇంజను లోపల ఒరుసుకుంటాంటే రాలతాది. ఇది రాలడం తగ్గినంక గానీ బరువు మోపకూడదు. ఇవే దీని పాలపండ్లు. ఇంగా ఊడతాండాయి."

బొజ్జన్న ఆ మరకను రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండకు పట్టి చూశాడు. ఖాసిం సాహెబ్ కూడా చూశాడు. ఆ మెరుపుల్లో ఒకటి మిగతావాటి కంటే పెద్దది. అతని కనుబొమలు ఒక్కసారి దగ్గరికి వచ్చాయి. ఈలోగా డప్పులు మళ్లీ అందుకున్నాయి, జనం మీదికి తోసుకొచ్చారు, అతను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పాలపండ్లే" అన్నాడు బొజ్జన్న. "పెద్దబండ కట్టేదానికి లేదు."

ఓబులేసు ముందుకొచ్చాడు. "ఇనుముకు పండ్లేంది పెద్దాయనా? రచ్చకట్ట మీద మాట అయిపోయింది గదా."

"పోటీ అన్న్యారు. పోటీ జరుగుతాది. పాలపండ్లదానికి పాలపండ్లదే జత. నీ ఇంట్లో ఉండాయా, లేవా?"

 ఓబులేసు పెదవుల మీద నవ్వు వచ్చింది. ఎందుకంటే ఓబులేసు ఇంటి వెనక కొట్టంలో ఏడాదిగా ఎవరికీ చూపకుండా పెంచుతున్న తెల్లకోడెల జత ఉంది. పాలు, ఉలవలు, కోడిగుడ్లు పెట్టి సొంత బిడ్డల్లా సాకుతున్నాడు. వచ్చే ఏడు ఉగాదికి బయటపెట్టి జిల్లా అంతా తన పేరు చెప్పుకునేలా చేయాలని అతని ఆశ. ఆ ఆశను ఈ పూటే బరిలోకి దించాడు.

ఆ కోడెలు నడిచి వస్తుంటే డప్పులవాళ్లే వాయించడం మరిచారు.

రెండు చిన్న బండలు, పక్కపక్కన రెండు దారులు. గీత దాకా పోవాలి, తిరగాలి, మళ్లీ రావాలి. కరణం గారి గొలుసు గడియారంలో అరగంట తిరిగేసరికి ఎవరి బండ ఎక్కువ దూరం పోతే వాళ్లది గెలుపు. కరణం రుమాలు ఊపాడు.

కోడెలు దూకాయి. దూకాయంటే దూకాయే. చిన్నబండ వాటి వెనక నేల మీద పడవలా జారింది. ఓబులేసు మనుషులు అటూ ఇటూ పరుగెత్తుతూ అదిలిస్తున్నారు. బుల్‌డోజరు గీత దాకా సగం దూరం పోయేసరికి కోడెలు తిరిగి ఎదురొస్తున్నాయి. జనం నరసన్నను చూసి ఈలలు వేశారు.

"మామా, ఇంజను రేజు చెయ్ మామా" అని నరసన్న యంత్రం పక్కన పరుగెత్తుతూ అరిచాడు.

ఖాసిం సాహెబ్ వినిపించుకోలేదు. మీట తీగ దగ్గర ఎక్కడుందో అక్కడే ఉంది. నిండు చూలాలిని బండిలో తీసుకుపోతున్నట్టు ఆ మనిషి ముందుకే చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం చెవి ఇంజను వైపు వంచాడు. డప్పుల హోరులో ఏం వినబడిందో, ఏం వినబడలేదో.

అయితే మలుపు దగ్గర తమాషా ఉంది. కోడెలను మలపాలంటే కాడి తిప్పాలి, గొలుసు సర్దాలి, బండను మళ్లీ దారిలో పెట్టాలి. బుల్‌డోజరు ఒక చక్రం నిలబెట్టి రెండో చక్రం తిప్పి, నిలుచున్న చోటే తిరుగుతుంది. మలుపు మలుపుకూ కొంచెం కొంచెం కలిసొచ్చింది. ఎండ ముదిరింది. కోడెల నోళ్లలో నురగ కనబడింది. మొదట చాలా వెనకబడిన పచ్చయంత్రం ఇప్పుడు కోడెల తోకల దగ్గరికి వచ్చింది. జనం ఈలలు మానేసి ఊపిరి బిగబట్టారు. ఎవరి పక్షమో ఎవరికీ గుర్తులేదు. గిడ్డమ్మ అయితే ఆ కోడెలను చూసి "అయ్యో నాయనా, నా తండ్రీ" అంటోంది, యంత్రాన్ని చూసి "పోనీ పోనీ" అంటోంది.

కరణం గడియారం మూత తెరిచి పట్టుకున్నాడు. ఇంక కాసేపే. కోడెలు ఇంకా ముందున్నాయి. ఆ ఒక్క పరుగు నిలబెట్టుకుంటే గెలుపు ఓబులేసుదే.

అప్పుడు ఎడమకోడె మోకాళ్ల మీద కూలబడింది.

"కొట్టన్నా, లేస్తాది, ఒగటి పీకు" అని ఓబులేసు మనుషులు చెర్నాకోల అందించారు. ఓబులేసు అందుకున్నాడు. చెయ్యి పైకెత్తాడు. కోడె తల తిప్పి అతని ముఖంలోకి చూసింది. అది లేచేదే. ఒక్క దెబ్బకు లేచి పరుగెత్తేదే. ఆ సంగతి అక్కడున్న రైతులందరికీ తెలుసు, ఓబులేసుకు అందరికంటే ఎక్కువ తెలుసు.

అతను చెర్నాకోల అవతలికి విసిరేసి, వంగి, కాడి విప్పేశాడు.

బుల్‌డోజరు వాళ్లను దాటిపోయింది.  ఆ వెంటనే లేచిన కేకలు కోయిలకుంట్ల దాకా వినబడి ఉంటాయి. గిడ్డమ్మ పరుగెత్తుకుంటూ పోయి యంత్రం ముందున్న ఇనుప పలకకు పసుపు పూసి కుంకుమ పెట్టింది. ఆమె కళ్ల నిండా నీళ్లు. సంతోషం పట్టలేకపోయింది ఆ తల్లి. మనవాడు గెలిచాడు, గండి పని నిలిచింది, యంత్రం చెక్కుచెదరలేదు. ఇంతకంటే ఏం కావాలి?

ఓబులేసు కోడె మెడ రుద్దుతూనే నరసన్నను పిలిచాడు.

"నా దాన్ని నేను కాపాడుకున్యా. నీ దాన్ని నువ్వు కాపాడుకో. పని నీదే. ఇంగ నేను నవ్వను."

"చిన్నాయనా..." అని నరసన్న తల దించుకున్నాడు. గెలిచినవాడు తల దించుకోవడం ఎందుకో ఓబులేసుకు అర్థం కాలేదు.

ఆ మాట పూర్తి కాకముందే గాలి మారింది. చల్లగాలి. అందులో తడిమట్టి వాసన. జనం తలలు పడమటికి తిరిగాయి. ఎర్రమల కొండల మీద ఆకాశం నల్లగా దిగి ఉంది. పోటీ సంబరంలో ఎవరూ అటు చూడనే లేదు. వాన మొదట కొండ మీద పడుతుంది, నీళ్లు తర్వాత వంకలో వస్తాయి. ఈ ఊరివాళ్లకు అది చెప్పక్కర్లేదు.

గొర్రెలు కాసే చిన్న ఈరన్న మందను తోలుకుంటూ వంక గట్టున పరుగెత్తుకొచ్చాడు. మొల దాకా తడిసి ఉన్నాడు.

"వంక దిగిందప్పో. ఎగువ నీళ్లు రేవు మునిగేటట్ల వస్తాండాయి. పొద్దు గూకేలోపల చెరువులోకి దిగుతాయి."

డప్పులు ఆగిపోయాయి. కట్ట కింది గుడిసెల ఆడవాళ్లు అప్పటికే పరుగు మొదలుపెట్టారు. ఓబులేసు తన మనుషులతో "బండ్లన్నీ కట్టండి, బిన్నా, తొందరగ. యాడ రాళ్లుంటే ఆడ ఎత్తండి" అన్నాడు. తర్వాత ఖాసిం సాహెబ్ వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు.

"సాయిబూ, మా బండ్లు రాళ్లు మోస్తాయి. గండి మూసేది మాత్రం అదొక్కటే. సగం బలంతో అయ్యేది కాదు."

గిడ్డమ్మ నోరు తెరిచింది. ఏమని అడుగుతుంది? పొద్దున పాలపండ్లదని ఊరందరి ముందు వాదించిన నోరు అదే. తమ్ముడా అని మాత్రం అనగలిగింది.

 ఖాసిం సాహెబ్‌కు బర్మా లోయ గుర్తొచ్చిందో, ఓబులేసు విసిరేసిన చెర్నాకోల గుర్తొచ్చిందో. అతను యంత్రం ఎక్కి, పనిముట్ల సంచిలో నుంచి పట్టుకారు తీసి, మీట దగ్గర వంగాడు. తీగను పట్టుకారుతో అందుకున్నవాడు అలాగే ఆగిపోయాడు.

తీగ మెలి కుడికి తిరిగి ఉంది.

అతను తలెత్తాడు. చుట్టూ ఇంత మంది ఉంటే అతని చూపు నేరుగా నరసన్న మీదే నిలిచింది. నరసన్న కదలలేదు. పారిపోలేదు కూడా, అది చెప్పుకోవాలి.

"నిన్న నువ్వు జుమ్మాకు పోయినప్పుడు మామా" అన్నాడు. "ఒగేసారి. పెద్దబండ కట్టి చూసినా. లాగుతాదో లేదో చూద్దామని, అంతే."

"లాగిందా?"

"లాగింది."

ఖాసిం సాహెబ్ జేబులో రుమాలును తడుముకున్నాడు. "తర్వాత?"

"లాగినంక... లోపల ఏందో టక్కుమన్యాది మామా. మళ్లా వినపడలేదు. నీకు చెప్పేదానికి నోరు రాలేదు."

గిడ్డమ్మ యంత్రం పలక పట్టుకుని నిలబడిపోయింది. ఆమె చేతి పసుపు ఇంకా ఆరలేదు. ఎగువ నుంచి ఎర్రవంక మోత ఇప్పుడు అందరికీ వినబడుతోంది.

ఖాసిం సాహెబ్ తీగను తెంచి అవతల పారేసి, గండి వైపు యంత్రం తిప్పాడు.